నీడపట్టున తోట: ఎండ రాని పెరట్లో పచ్చదనం పెంచుకునే పద్ధతి

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా ఇల్లు రైలుపెట్టెలా ఉంటుంది. వీధి అరుగు నుంచి పెరటి గుమ్మం దాకా గదులన్నీ ఒకే వరస. ఆ చివర 30 అడుగుల పొడవు, 18 అడుగుల వెడల్పు పెరడు, మూలన నుయ్యి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన తెల్లవారుజామున పెరట్లో పనసచెట్టు కూలిపోయింది. దాంతో పెరడంతా ఎండ. నేను మురిసిపోయి గులాబీలూ మల్లెలూ వేశాను. రెండేళ్లు బాగానే పూశాయి. ఈలోగా దక్షిణం పక్కింటివాళ్లు పైఅంతస్తు లేపారు. 20 అడుగుల గోడ వచ్చింది. గులాబీలు వెలుతురు కోసం మెడ చాచినట్టు సన్నగా సాగి, ఆకు రాల్చి, చివరికి ముళ్లపుల్లలు మిగిలాయి. మళ్లీ కొన్నాను. మళ్లీ పోయాయి. మూడోసారి కుండీలు మోసుకొస్తుంటే అమ్మ నూతి గట్టు మీద కూర్చుని చూసి, "ఏట్రా ఈ దండగ ఖర్చు? ఆ నూతిలోకి ఓసారి తొంగి చూడు. అక్కడ ఎవడు నీళ్లు పోశాడు, ఎవడు ఎరువేశాడు?" అంది.

చూశాను. రాతికట్టు సందుల్లో ఫెర్న్‌లు. నల్లటి వెంట్రుకలాంటి కాడ, దానికి చిన్న విసనకర్రల్లాంటి ఆకులు, ఆకు చివర ఒక్కో నీటిబొట్టు. పైన ఒత్తుగా ఉన్నాయి, కిందికి పోయేకొద్దీ పల్చబడ్డాయి, ఒక లోతు దాటాక ఒక్కటీ లేదు. రాయి అదే, తడి కింద ఇంకా ఎక్కువే. ఆగిపోయింది వెలుతురే. అంటే నీడంతా ఒకటి కాదు. ఎంత నీడ అన్నది ఆ మొక్కకి తెలిసినంత కూడా నాకు తెలియదని అప్పుడర్థమైంది.

ఈ పద్ధతంతా అక్కడినుంచి మొదలైంది. నేను చెప్పేది పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు పెరళ్లకి సరిగ్గా సరిపోతుంది. కోరాపుట్, జయపురం వాళ్లకి చలి కాస్త ఎక్కువ కాబట్టి కొన్ని చోట్ల తేడా చెబుతాను.

ముందు నీడని కొలవండి. మొక్కలు తర్వాత.

ఈ పనికి ఒక ఆదివారం, ఒక సుద్దముక్క చాలు. పొద్దున్న 7 నుంచి సాయంత్రం 5 దాకా రెండు గంటలకోసారి పెరట్లోకి వెళ్లి, నీడ అంచు ఎక్కడుందో నేల మీద గీత గీసి టైం రాయండి. మట్టి నేలైతే పుల్లలు పాతండి. సాయంత్రానికి ఏ మూలకి ఎన్ని గంటలు ఎండ తగిలిందో తేలిపోతుంది. సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నా సరే, కానీ గీతలు గీస్తేనే మనసులో నిలుస్తుంది.

తర్వాత చెయ్యి పరీక్ష. మధ్యాహ్నం 12 గంటలకి నీడలో తెల్లకాగితం పరచి, దానికి అడుగు ఎత్తులో అరచెయ్యి పెట్టండి. వేళ్ల నీడ గీసినట్టు పడితే అక్కడ వెలుతురు దండిగా ఉన్నట్టు. అంచులు చెదిరి, వేళ్లు మాత్రం పోల్చుకోగలిగితే మధ్యస్థం. నీడ పడిందో లేదో తెలియకపోతే అది చిక్కటి నీడ. అక్కడ చాలా తక్కువ మొక్కలే బతుకుతాయి.

అయితే ఒక్క ఆదివారం చూసి మోసపోకండి. నేను పోయింది అక్కడే. మనది 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం చుట్టుపక్కల. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికి ఒరుగుతాడు. డిసెంబరులో దక్షిణానికి బాగా వాలిపోతాడు. దీనివల్ల ఏమవుతుందో మా పెరడే లెక్క. దక్షిణాన 20 అడుగుల గోడ ఉంటే, డిసెంబరు మూడోవారంలో మిట్టమధ్యాహ్నం దాని నీడ 18 అడుగులు పడుతుంది. మా పెరడు వెడల్పు సరిగ్గా అంతే, అంటే మొత్తం నీడే. మార్చి, సెప్టెంబరు మూడోవారాల్లో అదే గోడ నీడ 7 అడుగులు. జూన్‌లో ఆ గోడ మొదట్లో కూడా మధ్యాహ్నం ఎండ పడుతుంది! చలికాలంలో చూసి "ఇక్కడ ఎప్పుడూ నీడే" అనుకుని ఆ గోడ పక్కన ఫెర్న్‌లు వరసగా పెట్టాను. మే చివరికి వాటి ఆకులు అప్పడాల్లా విరిగాయి. మహారాష్ట్రలోని సిరొంచలో ఉన్నవాళ్లకైనా ఇదే లెక్క వర్తిస్తుంది, ఆ ఊరూ మా ఊరూ దాదాపు ఒకే అక్షాంశం మీదున్నాయి.

అందుకని గీతలు గీసే పని డిసెంబరులో ఒకసారి, మార్చిలో ఒకసారి, మే నెలాఖరులో ఒకసారి చెయ్యండి. ఏడాది ఆగలేనంటారా, ఎవరు ఆగుతారు లెండి, అయితే పైన చెప్పిన లెక్క పట్టుకుని అంచనా వేసుకోండి. గోడ 10 అడుగులైతే నీడ సగం, 30 అడుగులైతే ఒకటిన్నర రెట్లు.

ఇంకో మాట. పొద్దున్న రెండు గంటల ఎండ, సాయంత్రం రెండు గంటల ఎండ ఒకటి కాదు. తూర్పు ఎండ నీడమొక్కలకి పాలలాంటిది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం 3 గంటలప్పటి పడమటెండ మాత్రం వాటిని మాడ్చేస్తుంది, ఎందుకంటే అప్పటికే గాలీ గోడా కాగి ఉంటాయి. పడమర తెరిచి ఉంటే అక్కడ ముందు ఒక అడ్డు కావాలి. అరటి పిలకలు నాలుగు వేస్తే ఏడాదిలో తెర తయారు.

ఉన్న వెలుతురుని ఎక్కువ చెయ్యడం

ఎదురుగా ఉన్న గోడకి తెల్లసున్నం కొట్టించండి. దీనికి మించిన చవక ఉపాయం నాకు తెలియదు. సిమెంటు రంగు గోడ వెలుతురుని మింగేస్తుంది, సున్నం గోడ వెనక్కి చిమ్ముతుంది. మా ఉత్తరపు గోడకి రెండు చేతులు సున్నం పడ్డాక, అంతకుముందు చెయ్యి నీడ కనిపించని చోట వేళ్లు పోల్చుకునేలా కనిపించాయి. ఏటా దసరా ముందు ఒక చెయ్యి వేయిస్తే సరి.

చెట్టు వల్ల నీడైతే కింది కొమ్మలు నాలుగైదు తీసేసి గొడుగుని పైకి లేపండి. లోపల ఒత్తుగా అల్లుకున్న పుల్లలు పల్చన చెయ్యండి. మామిడి, పనస అయితే కాపు దిగాక చెయ్యాలి. అయితే ఒక్కసారే సగం చెట్టు నరికెయ్యకండి, మన ఎండకి బెరడు పగిలిపోతుంది. చెట్టు పక్కింటివాళ్లదైతే ముందు ఒక మాట అడగండి. కొమ్మ కొట్టే ముందు చెప్పడానికీ, కొట్టాక చెప్పడానికీ చాలా తేడా ఉంటుంది.

నేల సంగతి

నీడలో మొక్కలు చచ్చేది ఎండ లేక కన్నా నీళ్లు నిలిచి ఎక్కువ. అడుగు లోతు గొయ్యి తవ్వి నిండా నీళ్లు పోయండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి నీళ్లు గంటకి అంగుళమైనా దిగకపోతే ఆ నేల మొక్కల వేళ్లని కుళ్లబెడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ పైన అక్టోబరులో తుపానులు మనకి మామూలే కదా. అలాంటి చోట తవ్వడం మానేసి, ఇటుకలతో అడుగు ఎత్తు మడి కట్టుకోండి. స్నానాలగది నీళ్లు పెరట్లోకే పోతుంటే ఆ కాలవ పక్క అరటి, చేమ, హెలికోనియా వెయ్యండి, అవి తాగేస్తాయి. ఫెర్న్‌లు వద్దు, సబ్బు పడదు.

నేను కలిపే మట్టి ఇది: ఎర్రమట్టి రెండు వంతులు, బాగా చివికిన ఆకుల ఎరువు ఒక వంతు, వర్మీకంపోస్టు ఒక వంతు, ముతక ఇసుక అర వంతు. గంపకి రెండు గుప్పిళ్లు వేపపిండి. ఆకుల ఎరువు కొనక్కర్లేదు. మామిడి, పనస ఆకులు ఒక మూల పోగేసి, అప్పుడప్పుడు తడిపి, ఏడాది వదిలేస్తే నల్లగా పొడిపొడిగా మారుతుంది. మామిడాకు మందం కాబట్టి ఆలస్యంగా చివుకుతుంది. చేత్తో నలిపో, కాలితో తొక్కో వేస్తే త్వరగా అవుతుంది.

మా జిల్లాలో ఇప్పపిండి చవగ్గా దొరుకుతుంది. ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి అది. చెరువులో వేస్తే చేపలు తేలిపోతాయి, అంత ఘాటు. నేలలో ఎక్కువ వేస్తే వానపాములూ పోతాయి. నీడ తోటకి వానపాములే పనివాళ్లు కాబట్టి నేను దాన్ని వాడను.

చెట్టు మొదట్లో నాటాలంటే వేరే జాగ్రత్త. అక్కడ చెట్టు వేళ్లే తేమంతా లాగేస్తాయి. బొటనవేలి కన్నా లావు వేరు తగిలితే కొట్టకండి, గొయ్యి పక్కకి జరపండి. చెట్టు మాను చుట్టూ మట్టి ఎత్తుగా పొయ్యకండి, బెరడు కుళ్లుతుంది. తేలిక దారి ఏమిటంటే చెట్టు కింద మట్టికుండీలు పెట్టుకోవడం. ప్లాస్టిక్ కన్నా మట్టికుండీ నీడలో మేలు, దాని గోడ గుండా తేమ ఆరుతుంది కాబట్టి వేళ్లు కుళ్లవు.

ఏం వెయ్యాలి

నర్సరీకి వెళ్లేముందు ఒకటి ఒప్పుకోవాలి: నీడ తోట ఆకుల తోట. పూలు మధ్యలో చుట్టాల్లా వచ్చి పోతాయి. ఆకు ఆకారం, పరిమాణం, రంగు, మెరుపు ఇవే ఇక్కడ అందం. ఇది ఒప్పుకోవడానికి నాకు మూడు దఫాల గులాబీలు పట్టింది.

నీడలో ఏం పండుతుందో మన చుట్టూనే రాసి ఉంది. గంజాం జిల్లాలో తమలపాకుల బరజలోకి ఎప్పుడైనా వెళ్లారా? వెదురు కర్రల మీద గడ్డి కప్పు, చుట్టూ దడి. లోపల పచ్చటి మసక వెలుతురు, తడి వాసన, వరసగా తీగలు. గ్రీన్‌నెట్ అనే మాట పుట్టకముందే నీడని కావలసినంత కోసుకుని వాడుకున్నారు. కోరాపుట్ కొండల మీద కాఫీ కూడా సిల్వర్ ఓక్ చెట్ల నీడనే పెరుగుతుంది. కాబట్టి మొదటి మొక్కగా తమలపాకు వెయ్యండి. గణుపులున్న తీగముక్కని తడి మట్టిలో పెట్టి, గరుకు గోడకో కర్రకో పాకించండి. రెండేళ్లకి గోడ పచ్చగా కప్పేస్తుంది, పేరంటానికి ఆకులు కొనే పని ఉండదు. దానికి జోడీగా మిరియాల తీగ, మనీప్లాంట్. మనీప్లాంట్ గోడకి పాకితే ఆకు పెద్దదవుతుంది, కిందికి వేలాడితే చిన్నదవుతుంది. ఎటు కావాలో అటు తిప్పుకోండి.

రెండోది పసుపు. కూర పసుపే, అలంకారం రకం కాదు. మే, జూన్ నెలల్లో కొమ్ము పాతితే శ్రావణానికి మోకాలు దాటి వెడల్పాటి ఆకులు లేస్తాయి, నడుమ లేత రంగు పూలకంకి వస్తుంది. సగం నీడలో కొమ్ములు కాస్త తక్కువ ఊరతాయేమో గాని ఆకు మాత్రం మిలమిలలాడుతుంది. జనవరికి ఎండిపోతుంది, ఆ ఖాళీకి సిద్ధంగా ఉండాలి. దాని పక్కన చేమ వేస్తే ఏనుగు చెవుల్లాంటి ఆకుల మీద వాన చినుకులు దొర్లుతుంటే చూడాలి. చేమలో నల్ల ఆకు రకం దొరికితే తెల్లగోడ ముందు పెట్టండి.

చిక్కటి నీడకి, అంటే చెయ్యి నీడ కనిపించని చోటికి, స్నేక్ ప్లాంట్, జీజీ ప్లాంట్, ముదురాకుపచ్చ అగ్లోనిమా తప్ప వేరే ఆశలు పెట్టుకోకండి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఆకులో తెలుపు, పసుపు మచ్చలు ఎంత ఎక్కువుంటే ఆ మొక్కకి అంత ఎక్కువ వెలుతురు కావాలి. తెల్ల భాగంలో ఆహారం తయారు కాదు మరి. అందుకే నర్సరీలో చారలు చారలుగా మురిపించిన మొక్క చీకటి మూల పెడితే నెలల్లో పచ్చగా మారిపోతుంది. నర్సరీవాడు మోసం చేశాడని తిట్టుకుంటాం, పాపం.

మధ్యస్థ నీడకి మాత్రం చేతినిండా ఉన్నాయి. బోస్టన్ ఫెర్న్, సింగోనియం, ఫిలోడెండ్రాన్, మాన్‌స్టెరా, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్, రాఫిస్ పామ్, అరెకా పామ్. క్యాలాడియం గడ్డలు వానాకాలంలో గులాబీ, తెలుపు ఆకులతో వెలిగిపోయి చలికాలంలో నిద్రపోతాయి. కోరాపుట్ సుమారు 2,900 అడుగుల ఎత్తున ఉంది కాబట్టి అక్కడివాళ్లు బిగోనియా, ఇంపేషన్స్ ధైర్యంగా వేసుకోవచ్చు. మా ఊళ్లో అవి చలికాలం దాటితే నీరసపడతాయి.

పూల సంగతి. రోజుకి మూడు గంటల ఎండ తగిలే అంచుల్లో కనకాంబరం పూస్తుంది, ఇంతకన్నా మన ఆడవాళ్లకి నచ్చే పువ్వు ఏముంది? నందివర్ధనం సగం నీడని బాగా ఓర్చుకుంటుంది. సాయంత్రం వాసనకి తెల్లటి దోలన్‌చంపా వెయ్యండి. అల్లం జాతి, తడి నేల ఇష్టం. ఒడియావాళ్ల పెరళ్లలో అడిగితే దుంప ముక్క ఇస్తారు. ఇక ఫుట్‌బాల్ లిల్లీ. ఏడాదంతా కుండీ ఖాళీగా కనిపిస్తుంది, ఏప్రిల్, మే నెలల్లో తొలి జల్లు పడగానే ఎర్రటి బంతి ఒకటి నేలలోంచి పైకొస్తుంది. దాని కుండీకి పేరు రాసి పెట్టండి. మా చెల్లెలు సంక్రాంతికి వచ్చి, ఒట్టి కుండీ అనుకుని దుంపతో సహా మట్టి పారబోసింది.

నేల కప్పడానికి లాన్ జోలికి పోకండి, గడ్డికి ఎండ కావాలి. సరస్వతి ఆకు తడి నీడలో చాపలా పాకుతుంది. పక్కింటి ఒడియా మావుసి దాన్ని థాల్కుడి అంటుంది, పచ్చడి చేస్తుంది. పొన్నగంటి, పుదీనా, వాము ఆకు కూడా సగం నీడకి ఒప్పుకుంటాయి.

వద్దనేవి: గులాబీ, మల్లె, మందారం, బంతి, చామంతి, బోగన్‌విలియా. రోజుకి కనీసం ఐదారు గంటల ఎండ లేకపోతే ఇవి బతికినా పూయవు.

చిన్నపిల్లలున్న ఇంట్లో జాగ్రత్త: డిఫెన్‌బాకియా, అగ్లోనిమా, క్యాలాడియం, మాన్‌స్టెరా, మనీప్లాంట్ ఆకులు నమిలితే నోరు మండి వాస్తుంది. కంద తరిగితే చేతులు దురదపెట్టేది దేనివల్లో ఇదీ దానివల్లే, సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు. వీటిని వెనక వరసలో పెట్టండి.

తులసి విషయం వేరేగా చెప్పాలి. కోట పెరటి నడుమ ఉంది, అక్కడ చలికాలమంతా నీడ. కార్తీకమాసంలోనే తులసి చిక్కిపోయేది, ఇంట్లో టెన్షన్. కోట కదపడానికి అమ్మ ఒప్పుకోదు. "తులసమ్మని నీ ఇష్టమొచ్చిన చోటికి లాగుతావేట్రా?" అని ఒకటే పోరు. చివరికి రెండు కుండీల్లో రెండు మొక్కలు పెంచాం. ఒకటి కోట గూట్లో, ఇంకొకటి మేడ మీద ఎండలో. పదిహేను రోజులకోసారి మారుస్తాను. దీపం కోట దగ్గరే వెలుగుతుంది, మొక్కా బాగుంది.

అమరిక

పెద్దాకు పక్కన చిన్నాకు, నిటారు పక్కన వాలేది. చేమ పక్కన ఫెర్న్, స్నేక్ ప్లాంట్ ముందు సింగోనియం. అన్నీ పెద్దాకులే పెడితే అడవిలా, అన్నీ చిన్నాకులే పెడితే కలుపులా ఉంటుంది. ఒకే రకం మూడో ఐదో గుంపుగా వెయ్యండి. రకానికొకటి చొప్పున ఇరవై రకాలు తెస్తే నర్సరీ కొట్టులా కనిపిస్తుంది గాని తోటలా కనిపించదు. లేతరంగు, తెల్లచారల ఆకులు గుమ్మానికి దూరంగా, వెనక మూల పెడితే ఆ మూల వెలిగినట్టుండి పెరడు పెద్దదిగా అనిపిస్తుంది.

ముందు నడిచే దారి వెయ్యండి, తర్వాతే మడులు. నీడలో మట్టిదారి నాచు పట్టి జారుతుంది. నున్నటి టైల్స్ వద్దు, గరుకు రాయి పలకలు పరవండి. దారికి ఇరుపక్కలా జానెడు ఖాళీ వదలండి. పాముల భయం ఉన్న ఊళ్లం, అడుగు వేసే చోటు కనిపించాలి. కూర్చోవడానికి ఒక బల్ల వెయ్యడం మర్చిపోకండి. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండలో ఇంటికొచ్చినవాళ్లని "కాస్త నీడపట్టున కూర్చోండి" అని పెరట్లోకి తీసుకెళ్లడంలో ఉన్న దర్జా గులాబీతోట ఇవ్వదు.

నాటడం

జూన్ మధ్యలో ఒడియావాళ్ల రజ పండగ వస్తుంది. ఆ మూడు రోజులూ భూదేవికి విశ్రాంతి అని మా వీధిలో ఎవరూ నేల తవ్వరు. తెలుగువాళ్లం మేమూ గునపం పట్టం. అదయ్యాక, తొలకరి నేలని తడిపాక నాటడం మొదలు. అక్కడినుంచి ఆగస్టు చివరిదాకా మంచి అదను. ఏప్రిల్, మే నెలల్లో ఎంత చవగ్గా దొరికినా కొనకండి.

మన వైపు వచ్చే మొక్కల్లో చాలామటుకు కడియం నర్సరీల నుంచి లారీల్లో దిగుతాయి. దారంతా ఊగి, దాహంతో అలిసిపోయి ఉంటాయి. తెచ్చిన రోజే నాటకండి. వారం పదిరోజులు మీ పెరట్లోని మధ్యస్థ నీడలో ఉంచండి. ఒకటి రెండు ఆకులు పండి రాలితే కంగారు పడొద్దు. నల్ల కవరు చింపినప్పుడు వేళ్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే వేళ్లతో మెల్లగా విడదీయండి. కవర్లో మొక్క ఎంత లోతున ఉందో నేలలోనూ అంతే ఉండాలి. మొదలు మట్టిలో కూరుకుపోతే నీడలో కుళ్లు ఖాయం.

మొక్కకీ మొక్కకీ దూరం ఎండ తోటలో కన్నా కొంచెం ఎక్కువ పెట్టండి, గాలి ఆడాలి. మొదటి ఏడాది బోడిగా ఉందని బాధపడి మధ్యలో ఇంకో మొక్క దూర్చకండి. నేను దూర్చాను, రెండో ఏడు సగం పీకాల్సి వచ్చింది.

నీళ్లూ ఎరువూ

వేలు రెండు కణుపులు మట్టిలో దించండి. తడి తగిలితే నీళ్లు వద్దు. అంతే రూలు. రోజూ ఇదే టైంకి బిందెడు అని అలవాటు పడ్డవాళ్ల చేతుల్లోనే నీడ మొక్కలు చస్తాయి. వానాకాలంలో కప్పు కింది కుండీలకి తప్ప దేనికీ పొయ్యను. వేసవిలో ఫెర్న్‌లకి మాత్రం రోజూ. పొద్దున్నే, ఆకుల మీద కాకుండా మొదట్లో పొయ్యండి. రాత్రంతా ఆకు తడిగా ఉంటే మచ్చ తెగులు వస్తుంది.

ఎరువు ఎండ మొక్కలకి వేసేదాంట్లో సగం. నీడలో పెరుగుదల నెమ్మది, ఎక్కువ పెడితే కాడలు మెత్తబడి పడిపోతాయి. జూన్, ఆగస్టు, అక్టోబరుల్లో కుండీకి గుప్పెడు వర్మీకంపోస్టు చాలు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఏమీ వెయ్యకండి.

శత్రువులు

మొదటి శత్రువు ఆఫ్రికా నత్త. గుప్పెడంత గుల్ల, రాత్రికి రాత్రే చేమాకుని జల్లెడ చేస్తుంది. వానాకాలం రాత్రి 8 దాటాక టార్చిలైటు పట్టుకుని వెళ్లండి. చేతులకి తొడుగులు తప్పనిసరి, నత్తల్లో ఉండే సన్నపురుగులు మనిషి మెదడుకి చేటు చేస్తాయి. ఏరి ఉప్పునీళ్ల బకెట్లో వెయ్యండి. సాయంత్రం తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెడితే తెల్లారేసరికి అన్నీ అక్కడే చేరి ఉంటాయి, వెతికే పని తప్పుతుంది. మొదటి నెల రోజూ ఏరితే తర్వాత వారానికోసారి సరిపోతుంది. ఉప్పు మాత్రం మట్టిలో చల్లకండి, నత్తతో పాటు మొక్కా పోతుంది.

పిండినల్లి కనిపిస్తే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టండి. వారానికోసారి చొప్పున మూడుసార్లు.

దోమల విషయంలో మాత్రం బద్ధకం వద్దు. మలేరియా అంటే ఏమిటో ఈ కొండల పక్కన పెరిగినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఇప్పుడు డెంగీ తోడైంది. కుండీల కింద పళ్లాలు తీసెయ్యండి. ఉంచాలనుకుంటే వారానికోసారి వంచి తోమండి. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం, పది రోజులు పడుతుంది, మనం దానికన్నా ముందుండాలి. నీళ్ల గోలెంలో కలువ వెయ్యాలని సరదా ఉంటే నాలుగు గప్పీ చేపలు వదలండి. కలువకి ఎండ కావాలని మాత్రం గుర్తుంచుకోండి.

అక్టోబరులో తుపాను హెచ్చరిక రాగానే వేలాడే కుండీలు దించి గోడ మొదట్లో ఆనించండి. అరటికి బరువైన గెలలుంటే కర్ర దన్ను పెట్టండి.

రెండో ఏడు

మళ్లీ రజ అయ్యాక గుంపులు విడదీయండి. స్నేక్ ప్లాంట్‌ని ఆకు ముక్కతోనూ పెంచొచ్చు గాని పసుపు అంచు రకమైతే ఆకుముక్క నుంచి వచ్చే పిల్లకి ఆ అంచు ఉండదు. వేళ్లతో సహా చీల్చి నాటితేనే అంచు నిలుస్తుంది. ఫెర్న్, పీస్ లిల్లీ, స్పైడర్ ప్లాంట్ కూడా ఇలాగే. మహేంద్రగిరి వైపు వెళ్లినప్పుడు రాళ్ల మీద ఫెర్న్‌లూ చెట్ల మీద ఆర్కిడ్‌లూ చూసి చెయ్యి లాగుతుంది. పీక్కురాకండి. ఆ చల్లదనం మన పెరట్లో లేదు, నెలలో ఎండిపోతాయి.

మొన్న నవంబరులో పసుపు ఆకులు ఇంకా పచ్చగా ఉన్నప్పుడే మావుసి గోడ మీంచి పిలిచింది. వాళ్ల ప్రథమాష్టమి, మన లెక్కన కార్తీక బహుళాష్టమి. ఎండూరి పిఠా ఆవిరి మీద ఉడికించడానికి పసుపాకు కావాలి. ఇరవై ఆకులు కోసిచ్చాను. సాయంత్రానికి నాలుగు పిఠాలు వచ్చాయి, ఆకు విప్పుతుంటే ఇల్లంతా ఆ వాసనే. అమ్మ ఒకటి తిని, "వచ్చే ఏడు ఇంకో వరస వెయ్యరా" అంది. కొమ్ములు గోనెసంచిలో దాచాను.